నెత్తురెక్కించే వార్డులో నెత్తురు తాగేవాడి పుస్తకం

“ఎక్కించుకోనంటే ఎక్కించుకోను. ఎవల నెత్తురు వాళ్లకే వాపస్ ఇయ్యుండ్రి.”

“వాపస్ ఇయ్యనీకి గదేమన్న అద్దెకు తెచ్చిన గిన్నెనా? జరుగు. చెయ్యి ఇటు పెట్టు.”

“పెట్టను ఆయమ్మా. జబర్దస్తీ చేస్తె సూది పీకేస్త.”

“పీకు. పీకితె దుప్పటి ఖరాబైతది. ఎవలు పిండుతరు, నువ్వా మీ అవ్వనా?”

“నేనే పిండుత. నెత్తురు మాత్రం వద్దు. వానికీ నాకూ ఫరక్ ఏమున్నది?”

“ఎవనికి?”

“పుస్తకంల ఉన్నోనికి.”

ఆ మాటతో గదిలో ఉన్నవాళ్లమంతా మూలన నిలబడ్డ ల్యాబ్ టెక్నీషియన్ వైపు చూశాం. అతను దూది డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు.

నేను అప్పుడు కరీంనగర్‌లో రక్తం ఎక్కించే ఒక కేంద్రంలో ఆయాగా పనిచేసేదాన్ని. తలసేమియా అనే జబ్బున్న పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ల ఒంట్లో నెత్తురు సరిగా తయారు కాదు. కొన్ని వారాలకొకసారి ఇతరుల నెత్తురు ఎక్కిస్తేనే నడవగలరు, తినగలరు, బడికి పోగలరు. మానేస్తే ముందు ముఖం పాలిపోతుంది, తర్వాత ఆయాసం, ఆ తర్వాత గుండె. ఇంతకంటే నాకు తెలియదు. ఈ సంగతి చదవడానికి మీకూ ఇంతకంటే అక్కర్లేదు. నేను చదివింది నాలుగో తరగతి. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, పిల్లలు సూది పీక్కోకుండా చూడడం, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లకు చాయ్ అందించడం నా పని.

ఇప్పుడు ఇలాంటి వార్డుల్లో కొత్తగా చేరే ఆడపిల్లలు, నీ ఉద్యోగంలో బాగా కష్టమైన రోజు ఏది అని నన్ను అడుగుతుంటారు. ఎవరో చనిపోయిన రోజు గురించి చెబుతానని కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటారు. నేను ఈ పుస్తకం సంగతి మొదలుపెడతాను. సగం మంది అక్కడే ఫోన్లు తీస్తారు. తీయనివాళ్ల కోసం రాస్తున్నాను.

నెత్తురు వద్దన్న ఆ పిల్లది నస్పూర్. తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. చంకపిల్లగా ఉన్నప్పటి నుంచి మా దగ్గరికే వచ్చింది. ఆ గొడవ నాటికి పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. చూసేవాళ్లకు మాత్రం ఐదో తరగతి పిల్లలా కనబడేది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఎత్తు అంతగా పెరగదు. పుట్టినప్పుడు ఎవరో డాక్టరు, ఎక్కువ ఆశ పెట్టుకోకండని తల్లిదండ్రులకు చెప్పాడట. ఆ మాట తల్లి మనసులో నుంచి పోలేదు. కూతురు చెప్పులు కొనమంటే, ఒక సైజు పెద్దవి కొనడానికి కూడా ఆమెకు చేయి వచ్చేది కాదు.

ఇక పుస్తకం. మా టెక్నీషియన్ మంచి మనిషి. సూది గుచ్చే చేయి మెత్తన. ఒక పిచ్చి ఏమిటంటే, ఎక్కడ పాత పుస్తకం కనబడినా కొంటాడు, చదవడు. మంచం మీద గంటల తరబడి పడుకునే పిల్లలకు పంచిపెడతాడు. ఈ పిల్ల అప్పటికి వార్డులో ఉన్న బొమ్మల పుస్తకాలన్నీ చదివేసి, ఇంకేమన్నా ఉన్నాయా అంటే, పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక లావుపాటి నవల ఇచ్చాడు. అట్ట ఊడిపోయి ఉంది. లోపలికి చూడలేదు. అది చావులేని ఒక రక్తపిశాచి కథ. వాడు రాత్రిపూట లేచి మనుషుల నెత్తురు తాగి బతుకుతుంటాడు.

మా హెడ్ సిస్టర్ అతణ్ణి కారిడార్‌లో నిలబెట్టి అడిగింది.

“నెత్తురెక్కించే వార్డుల నెత్తురు తాగేటోని పుస్తకం ఇస్తవా? బుద్ధి ఉన్నదా నీకు?”

“అట్ట లేకుండె సిస్టర్. చరిత్ర పుస్తకం అనుకున్న. రాజులు, కోటలు...”

“చరిత్ర గిట్ల ఉంటదా?”

“నేను చరిత్ర గూడ చదవలే సిస్టర్.”

సిస్టర్ లోపలికి వచ్చింది. ఫ్రిజ్ నుంచి తెచ్చిన నెత్తురు సంచిని గడువు దాటకముందే బ్లడ్ బ్యాంకుకు తిప్పి పంపింది. పుస్తకాన్ని నా దుప్పట్ల బీరువాలో పెట్టి తాళం వేయమంది. డాక్టరమ్మ వచ్చి ఆ పిల్లతో చాలాసేపు మాట్లాడింది. పిల్ల మర్యాదగా అంతా విని, “ఇంటికి పోవచ్చా మేడం” అంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. చేతులు కట్టేసి ఎక్కించే పని మా దగ్గర లేదు. అంత పెద్ద పిల్ల వద్దని పంతం పడితే ఎవరూ ఏమీ చేయలేరు. ఎక్కించుకోకుండానే ఇంటికి పోయింది.

మా సిస్టర్ లెక్క ప్రకారం రోగం ఏమిటో తెలిసిపోయింది. పుస్తకం రోగం, తాళం మందు. నాకు అలా అనిపించలేదు. తాళం చెవి నా నడుముకే ఉంది కాబట్టి మధ్యాహ్నం వార్డు తుడిచాక ఆ పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను. నాకు చదవడం నిదానం. వేలు పెట్టుకుని చదవాలి. ఒక్కో మధ్యాహ్నం రెండు మూడు పేజీలు. టెక్నీషియన్ చూసి, కథ ఏమిటో చెప్పు ఆయమ్మా అని వెంటపడ్డాడు. ఆ పుస్తకం కొన్నవాడు నా నోట కథ వినాల్సి వచ్చింది.

కథ ఇది. చలిదేశంలో పాతకాలపు పెద్ద బంగ్లా. అందులో ఒక యువకుడు. పెళ్లికి ముందు రోజు ఏదో పిశాచి వాణ్ణి కొరికింది. అప్పటి నుంచి వాడికి చావు లేదు, వయసు లేదు. మూడు వందల ఏళ్లు పెళ్లికొడుకు వయసులోనే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోవలసిన పిల్ల మరొకరిని చేసుకుని, పిల్లల్ని కని, ముసలిదై, కర్ర పట్టుకుని ఆ బంగ్లా ముందు నుంచి పోతుంటే వాడు కిటికీలోంచి చూస్తాడు. ఆమె గుర్తుపట్టదు.

నాకు మొదట వాడి మీద జాలి కలగలేదు. మూడు వందల ఏళ్లు బతికినవాడు ఒక్క పని నేర్చుకోలేదు. ఆ బంగ్లాలో దుమ్ము గురించి రచయిత ఎన్నోసార్లు రాశాడు, చీపురు గురించి ఒక్కసారీ రాయలేదు. గది నిండా కొవ్వొత్తులు వెలిగించి వాడొక్కడే కూర్చుంటాడు. ఒక్కడికి ఒక్కటి చాలదా? పైగా పగలంతా పడుకుంటాడు. చావు లేకపోవడాన్ని ఏదో పెద్ద శాపంగా రాశారు గానీ, పొద్దున లేచి చేయాల్సిన పని లేనివాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్లూ అచ్చం అలాగే కిటికీ దగ్గర నిలబడి నిట్టూరుస్తారు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. వాడికి బాగా ఆకలి. ఒక ఇంట్లో ఊయలలో పసిబిడ్డ. వాడు కిటికీలోంచి చేయి లోపలికి పెడతాడు. మళ్లీ తీసుకుంటాడు. మళ్లీ పెడతాడు. చివరికి తన మణికట్టునే కొరుక్కుంటాడు. ఆ పేజీ రెండోసారి చదివాను. అలాంటి చేయి నేను ఎరుగుదును. నా పెనిమిటి చేయి కల్లు దుకాణం ముందు అలాగే ముందుకూ వెనక్కూ ఆడేది. ఆయన చేయి ఎక్కువసార్లు ముందుకే పోయింది, అది వేరే సంగతి. కావాలనేదీ వద్దనేదీ ఒకే మనిషి, ఆ తగవు తీర్చడానికి మూడో మనిషి లేడు. రచయిత ఆ ఒక్క పేజీ బాగా రాశాడు.

వాడు కొరికినవాళ్ల గురించి మాత్రం ఏమీ రాయలేదు. వాళ్లు ఎవరి పిల్లలు, వాళ్ల శవాలు ఎవరు మోశారు, ఎక్కడా లేదు. మూడు వందల ఏళ్లూ వాడి ఏడుపే.

పుస్తకం సగంలో ఉండగా పిల్ల తల్లి ఒక్కతే వచ్చింది. మళ్లీ ఎక్కించాల్సిన రోజు అది. కూతురు రానని కూర్చుందట. మెట్లు ఎక్కితే ఆయాసపడుతోందట. బీరువా పక్కన కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అప్పుడు అసలు మాట చెప్పింది.

“గా పుస్తకం కాదు ఆయమ్మా. కాలేజీల ఒక పోరి అన్నదట. ‘మా బాపు నెత్తురు నీ ఒంట్లనే ఉన్నది, జర మంచిగ మాట్లాడు నాతోని’ అని. నగుకుంట అన్నదట. గప్పటిసంది గిది సరిగ తింటలేదు.”

“ఆ పోరి బాపు ఇచ్చిండా?”

“ఇచ్చిండు. మా ఆయన షిఫ్టోళ్లు అందరు ఇచ్చిండ్రు. ఒక్కలు గూడ మిగల్లే.”

మా దగ్గర పద్ధతి అది. పిల్లకు ఎక్కించిన నెత్తురుకు బదులు, వాళ్ల తరఫున ఎవరైనా వచ్చి ఇస్తే మంచిదని చెబుతాం. ఎక్కించేది వాళ్లదే కానక్కర్లేదు, ఎవరిది ఎవరికి పోయిందో బయటికి చెప్పం. కానీ వాళ్లుండే గని కార్మికుల కాలనీలో ఆ లెక్క వేరు. పిల్ల తండ్రి గని దిగేముందు తోటివాళ్లను అడుగుతాడు, వాళ్లు బస్సెక్కి వస్తారు. అందరి కళ్లలో వాళ్లు ఇచ్చింది ఆ పిల్లకే. పిల్ల బజారుకు పోతే ఎదురయ్యే ప్రతి మనిషి మోచేతి మడత వైపు, సూది గుచ్చే చోటుకు, కళ్లు పోతాయట. పుస్తకం కొత్తగా ఏమీ చేయలేదు. లోపల ఉన్నదానికి ఒక ముఖం తగిలించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే నస్పూర్‌లో కాలనీ వాళ్ల హాలులో రక్తదాన శిబిరం పెట్టాం. నాతో వచ్చే రెండో ఆయాకు జ్వరం. చాయ్ కెటిల్, అరటిపండ్ల గెల, బిస్కెట్లు, అన్నీ నా ఒక్కదాని నెత్తినే పడ్డాయి. సిస్టర్‌కు చూపించాలని ఆ తల్లి కూతుర్ని పట్టుకొచ్చింది. పిల్ల పెదవులు కాగితంలా ఉన్నాయి. గోడ వారగా కుర్చీలో కూర్చుని ఎవరినీ చూడకుండా నేలను చూస్తోంది. నాకు ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే పడదు.

“ఇటు రా. గీ బల్ల కాడ కూసో. నెత్తురు ఇచ్చొచ్చినోళ్లకు ఒక పండు, ఒక బిస్కెట్ పాకెట్. ఇచ్చినోళ్లకే. చుట్టాలకు, దోస్తులకు లేదు.”

“దానికి ఆయాసం ఉన్నది ఆయమ్మా,” అంది తల్లి.

“కూసోనే ఇస్తది. ఉరుకుమంటలేను.”

నేను ఏదో పెద్ద ఉపాయం వేశానని తర్వాత మా సిస్టర్ అందరికీ చెప్పింది. ఉపాయం ఏమీ లేదు. మనిషి తక్కువైంది, అంతే.

పిల్ల పండ్లు తుంచి ఇస్తూ నన్ను అడిగింది. “నువ్వు గా పుస్తకం చదువుతున్నవట?”

“చదువుతున్న.”

“ఎట్లున్నది?”

“కొవ్వొత్తులు బగ్గ తగలేసిండు.”

“వాడు నా లెక్కనే ఉన్నడు అనిపియ్యలేదా? వానికీ వయసు రాదు, నాకూ రాదు. వాడూ మంది నెత్తురు మీద బతుకుతడు.”

“వాడు ఒక్కన్నన్న అడిగి తాగిండా?”

“నేను గూడ అడగలే. మా బాపు అడిగిండు. ఒకటే గనిల దిగేటోళ్లు, బాపు మొఖం జూసి లేదనలేక ఇచ్చిండ్రు. గది అడిగినట్టేనా?”

కెటిల్ మూత తుడిచాను.

అంతలో ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా బల్ల దగ్గరికి రాసాగారు. వాళ్లు పక్క వాడల నుంచి వచ్చినవాళ్లు, ఈ పిల్ల రోగి అని తెలియదు. ఏదో సహాయానికి వచ్చిన చిన్నపిల్ల అనుకున్నారు. ఒక కుర్రవాడు దూది నొక్కుకుంటూ వచ్చి, సూదికి భయపడతావని దోస్తు పందెం కాశాడని, అందుకే వచ్చానని చెప్పాడు. ఇంకొకతను ఇవ్వాళ నెత్తురిచ్చానని భార్యకు చెప్పి రేపు డ్యూటీకి పోకుండా పడుకోవచ్చన్నాడు. ఒక ఆమె అయితే గెలిచినట్టు వచ్చి కూర్చుంది.

“పోయినసారి నాకు నెత్తురు తక్కువున్నదని వాపస్ పంపిండ్రు. మా ఆడబిడ్డ నగింది. మూన్నెల్లు బీట్‌రూట్ తిన్న. ఇయ్యాల తీసుకున్నరు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన దానికి.”

పిల్ల ఆమెను అడిగింది. “మీది ఎవలకు ఎక్కిస్తరో తెలుసా అక్కా?”

“ఎవలకో. నాకెందుకు? ఏం, గది చెప్తెనే పండు ఇస్తవా?”

పిల్ల గబగబా పండు ఇచ్చింది. వాళ్లలో ఒక్కరూ తమ నెత్తురు ఎవరి ఒంట్లో తిరుగుతోందా అని ఆలోచించినట్టు లేదు. పిల్ల ముఖం చూశాను. ఊరట కలిగిందో, అవమానమైందో ఆమెకే తేలనట్టు ఉంది.

తలుపు దగ్గర గొంతులు పెరిగాయి. ఒక ముసలి దర్జీ, తెల్ల గడ్డం, మెడలో టేపు. కాలనీ బజారులో కుట్టు దుకాణం ఆయనది. ఎన్నో ఏళ్ల నుంచి మా ప్రతి శిబిరానికీ వచ్చేవాడు. మా సిస్టర్ ఆయన కార్డు చూసి, అరవై అయిదు దాటిందని, ఇక తీసుకోమని చెప్పింది.

“అరె, పోయినసారి మంచిగున్న నెత్తురు గింతల్నే ముసల్దైందా?”

“నియమం చాచా. నీ మంచికే.”

“నా మంచి నాకు తెల్వదా? జర తీసి జూడుండ్రి. మంచిగ లేకపోతె పారబోయుండ్రి.”

“పారబోయనీకి తీస్తమా?”

ఆయన ఓడిపోయి, అలవాటు కొద్దీ నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నేను గెల ఇటు జరుపుకున్నాను.

“చాచా, ఇచ్చినోళ్లకే.”

“పండు కోసం వచ్చిన్నా నేను?” అన్నాడు. కోపంగా కాదు. చేతి మడత రుద్దుకుంటూ కూర్చున్నాడు.

పిల్ల ఆయన్ని చూసి మెల్లగా అంది. “మీకే మంచిగాయె కద చాచా. మీ నెత్తురు మీకు మిగిలింది.”

“మిగిలి ఏం జేస్త బేటీ? గదేమన్న బట్టనా, తాను చుట్టి దాచుకోనీకి?”

“తీసుకున్నోళ్లు ఉన్నరు కద. వాళ్లకు మంది నెత్తురు మీద బతుకుతున్నమని బాధ అనిపిస్తది గావచ్చు.”

ఆయన ఆ మాటను కొంచెంసేపు తిప్పి చూశాడు, నాసిరకం గుడ్డను చూసినట్టు. “ఎందుకు బాధ? నేను కుట్టిన అంగీలు గీ ఊళ్లె ఎందరో తొడుక్కున్నరు. బజార్ల ఎదురైతె గల్లా పట్టుకొని, గిది నాది అని గుంజుతనా? తొడుక్కొని పోయిండ్రు, ఖతం. కుట్టించుకొని దండెం మీద ఏలాడేసి, తొడగను అంటె గప్పుడు నాకు పరేషాన్. గప్పుడు దుకాణం ఎందుకు తెరిచిన్నో నాకే తెల్వది.”

“మీరు ఎవలన్న అడిగితెనే వచ్చిండ్రా? దోస్తులు, ఎవలన్న?”

“నన్నెవలు అడుగుతరు? ఇయ్యాల వద్దన్నరు గదా, వద్దన్న గూడ వచ్చి కూసున్న.” హాలు వైపు చూశాడు. “వద్దు అని మస్తు సక్కగ చెప్పింది సిస్టరమ్మ. చెప్పేటోళ్లకు అల్కగనే ఉంటది, వినేటోళ్లకే బరువు.”

పిల్ల గెలలోంచి ఒక పండు తుంచి ఆయన ముందు పెట్టింది.

“నియమం చెప్పిన గద,” అన్నాను.

“నా వాటా గిది.”

“నీకు వాటా ఏడిది? నువ్వు ఇయ్యలే.”

“పొద్దటి సంది పని చేసిన గద.”

అది న్యాయమే. చాచా పండు తిని, తొక్క నాకే అప్పగించి, లేచి పోయాడు. పిల్ల సాయంత్రం దాకా బల్ల దగ్గరే కూర్చుంది. మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చి తల బల్ల మీద పెట్టుకుంది, మళ్లీ లేచింది. సామాను సర్దేటప్పుడు మా సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది.

“ఏమన్నది?”

“ఏం అనలే.”

“గింతసేపు కూసున్నవు, నువ్వేం చెప్పలేదా?”

“పండ్లు ఎన్ని మిగిలినయో చెప్పిన.”

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బతుకు గొప్పది, బతకాలి అని రోగికి చెప్పేవాళ్లు వార్డు నిండా ఉంటారు. మీరు కూడా చెప్పకండి. ఆ పుస్తకంలో వాడికి మూడు వందల ఏళ్లలో ఒక్కరూ ఒక పని చెప్పలేదు, ఎవరి పక్కనా కూర్చోనివ్వలేదు. అందుకే వాడికి తన గుండె చప్పుడు తప్ప మరొకటి వినపడలేదు. పుస్తకం చివరికి వాడు సూర్యుడి ఎదుటికి నడిచిపోతాడు. మా టెక్నీషియన్ అది విని కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం అంత పెద్ద బంగ్లా ఎవరికీ అక్కరకు రాకుండా పోయిందే అనిపించింది.

మరునాడు పొద్దున పిల్ల తండ్రితో కలిసి మొదటి బస్సుకు కరీంనగర్ వచ్చింది. టెక్నీషియన్ పరీక్షకు నెత్తురు తీసుకుపోయి, సరిపోయే నెత్తురు సంచి తెచ్చాడు. మొదటిసారి నరం దొరకలేదు. ఆమె అతణ్ణి తిట్టింది. రెండోసారి దొరికింది. తండ్రి బయట బెంచీ మీద నిద్రపోయాడు. మధ్యాహ్నానికి సంచి ఖాళీ అయింది. సిస్టర్ సూది తీసి దూది అదిమింది. పిల్ల మంచం దిగి, ముఖం కడుక్కుని, తువ్వాలు అడిగి తుడుచుకుని, తండ్రిని లేపింది. నేను దుప్పటి మార్చి తర్వాతి పేరు పిలిచాను.